మహిళలకు చందాల పోటీ: స్కూటీ సంగతి తర్వాత, ముందు ఆ పేపర్ ఇంటింటికీ ఎవరు వేస్తారో కనుక్కోండి

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఊళ్లో వచ్చే స్థానిక దినపత్రిక ఒకటి మహిళలకు మాత్రమే అంటూ చందాల పోటీ పెట్టింది. గడువు 45 రోజులు. ఏడాది చందా 1,800 రూపాయలు. అందరికంటే ఎక్కువ చందాలు కట్టించినవాళ్లకు స్కూటీ, రెండో బహుమతి ఫ్రిజ్, తర్వాత పది మందికి పట్టుచీరలు. ఏ బహుమతీ రాకపోయినా పది శాతం కమిషన్ ఇస్తామన్నారు. చేరడానికి 500 రిజిస్ట్రేషన్ ఫీజు. మీ డ్వాక్రా గ్రూపులో వాళ్లు "నువ్వైతే గెలుస్తావు" అంటున్నారు, మీవారు "ఇల్లిల్లూ తిరిగితే పరువేముంటుంది" అంటున్నారు. చేరనా, వద్దా అని అడిగారు.

నేను తెనాలిలో పేపర్ ఏజెంటుని. ఈ పనిలో పాతికేళ్లు దాటాయి. అంతకుముందు ఇలాంటి పోటీలోనే పాల్గొన్నాను, రెండో స్థానం వచ్చింది. కాబట్టి రెండువైపులా చూసినదాన్ని.

చేరొచ్చు. కానీ స్కూటీ రాదు అనుకుని చేరండి. పది శాతం కమిషన్ ఒక్కటే చేతికొస్తుందని లెక్క వేసుకోండి, ఆ డబ్బుకు ఆ శ్రమ గిట్టుబాటు అనిపిస్తేనే దిగండి. మీ సొంత డబ్బుతో ఒక్క చందా కూడా కట్టొద్దు. చివరి రోజు ఎంత టెన్షన్ వచ్చినా కట్టొద్దు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నా సంగతి చెబితే అర్థమవుతుంది.

1997లో మా ఊళ్లో ఒక చిన్న దినపత్రిక పెట్టిన పోటీ అది. పేరు అనవసరం, ఆ పేపర్ ఇప్పుడు లేదు. ఏడాది చందా 500. మొదటి బహుమతి కలర్ టీవీ, రెండోది మిక్సీ. నలభై రోజులు తిరిగాను. గంగానమ్మపేట, కొత్తపేట, ఐతానగర్, ఎండల్లో పిల్లాణ్ణి చంకనేసుకుని. వాళ్ల ఆఫీసు బయట ఒక నల్లబోర్డు ఉండేది, రోజూ సాయంత్రం ఎవరికెన్ని చందాలో సుద్దముక్కతో రాసేవాళ్లు. చివరి మూడు రోజుల్లో నా వెనకున్నావిడ దగ్గర పడుతోందని భయం పట్టుకుంది. మా అత్తగారి పేరున, మా తమ్ముడి పేరున, ఊళ్లోనే లేని మేనమామ పేరున, ఇలా 12 చందాలు నేనే కట్టేశాను. 6,000 రూపాయలు. అప్పటికి మావారి నెల జీతం 4,200. ఆఖరి సాయంత్రం బోర్డు మీద నాకు 143, ఆవిడకు 121. గడువు రాత్రి ఎనిమిదికి. తెల్లారి వెళ్లి చూస్తే ఆవిడకు 168. వాళ్ల బావగారికి రైసుమిల్లు ఉంది. మిల్లులో పనిచేసేవాళ్ల పేర్లన్నీ రాయించి, అందరికీ మిల్లు అడ్రసే ఇచ్చి, రాత్రి ఏడున్నరకు 47 చందాలు ఒక్కసారిగా కట్టారు. రూల్స్ ప్రకారం అందులో తప్పేమీ లేదు. నేను చేసిన పన్నెండూ అదే రకం కదా, నేనేమని అడగను?

వేలంపాటలో ఓడినవాడి డబ్బు వాడి జేబులోనే ఉంటుంది. ఈ పోటీలో ఓడినవాళ్ల డబ్బు కూడా పోతుంది. "ఇంకో పది పెడితే స్కూటీ నాదే" అని మీకు అనిపించే సమయానికి మిగతా ముగ్గురు నలుగురికీ సరిగ్గా అదే అనిపిస్తూ ఉంటుంది. మీ పోటీలో పది చందాలంటే 18,000. కమిషన్ 1,800 వెనక్కి వచ్చినా 16,200 మీ చేతినుంచి పోయినట్టే. అందుకే ముందే చెబుతున్నాను. ఆ రోజు వచ్చాక ఎవరు చెప్పినా వినబుద్ధి కాదు.

ఇక కమిషన్ లెక్క. మీకు పరిచయాలు బాగానే ఉన్నాయి కాబట్టి 60 చందాలు అవుతాయనుకుందాం. చందాకు 180 చొప్పున 10,800. 45 రోజులకు భాగిస్తే రోజుకు 240. అందులోంచి రిజిస్ట్రేషన్ 500, పెట్రోలు లేదా ఆటో చార్జీలు, ఫోన్ ఖర్చు తీసేయాలి. చుట్టాలు, స్నేహితులైతే ఒక్కసారి వెళితే సరిపోతుంది. తెలియని ఇంటికి రెండు మూడుసార్లు తిరగాల్సిందే: మొదటిసారి "మావారు లేరు", రెండోసారి "జీతం వచ్చాక చూద్దాం", మూడోసారి డబ్బు. మొదటి ఇరవై చందాలు వారంలో అయిపోతాయి, అది చూసి మోసపోకండి. ఇరవై ఒకటోది మొదలుకొని అసలు పని.

పేపర్ వాళ్ల వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. పాతిక మంది ఆడవాళ్లు చేరి తలా 50 చందాలు తెచ్చారనుకోండి, 1,250 చందాలు. 1,800 చొప్పున 22,50,000 రూపాయలు, అదీ ఏడాదికి సరిపడా ముందే. బహుమతులు, కమిషన్లు పోగా కూడా చేతిలో పెద్ద మొత్తం. చిన్న పేపర్లకు ఆ డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే పేపర్ మానేసిన ఇళ్లు చాలావరకు మళ్లీ వేయించుకోలేదు. 2022లో న్యూస్‌ప్రింట్, అంటే పేపర్ అచ్చువేసే కాగితం, ధర విపరీతంగా పెరిగింది. దానికితోడు ప్రకటనల రేటు సర్క్యులేషన్‌ను, అంటే ఎన్ని కాపీలు పోతున్నాయన్నదాన్ని, బట్టి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ప్రకటనల విధానంలో 25,000 కాపీల వరకు చిన్న పత్రిక, 75,000 వరకు మధ్యస్థం, ఆపైన పెద్దది. కాపీలు పెరిగితే బేరం చేసే బలం పెరుగుతుంది. ఇదంతా న్యాయమైన వ్యాపారమే, నేను తప్పు పట్టను. మీరు తెచ్చే ప్రతి చందా వాళ్లకు ఎంత విలువైనదో మీకు తెలిసి ఉండాలని చెబుతున్నాను. పది శాతం అన్నది పెద్ద ఉపకారమేమీ కాదు. రోజూ పేపర్ వేసే ఏజెంటుకు మామూలుగా పాతిక శాతం, ఆపైన కూడా ఉంటుంది.

ఆడవాళ్లకే ఎందుకు పెడతారని కూడా అడిగారు. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన మాట అదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఈ రకం పోటీ నూరేళ్ల కిందట అమెరికా చిన్న ఊళ్ల పత్రికల్లో విరివిగా నడిచింది. అక్కడ వారపత్రికలకు చందా బాకీలు పెద్ద జబ్బు. రైతులు ఏళ్ల తరబడి కట్టేవాళ్లు కాదు, పత్రిక మాత్రం పోస్టులో వెళుతూనే ఉండేది. మన పాత తెలుగు పత్రికలు తిరగేసినా "చందాదారులకు విన్నపము" అని బాకీలు కట్టమని బతిమాలుకోవడం కనిపిస్తుంది కదా, అదే బాధ. 1908 జనవరి నుంచి అమెరికా పోస్టాఫీసు ఒక నిబంధన తెచ్చింది. ఏడాదికి మించి బాకీ పడిన చందాదారుకు వారపత్రికను, మూడు నెలలకు మించి బాకీ పడినవారికి దినపత్రికను తక్కువ రేటు పోస్టులో పంపడానికి వీల్లేదని. దాంతో పాత బాకీలు వసూలు కావాలి, కొత్తవాళ్లు ముందే డబ్బు కట్టాలి. ఇంటికెళ్లి అడిగితే కాదనలేని మనిషి కావాలి. పెళ్లికాని టీచరమ్మ, దుకాణంలో పనిచేసే అమ్మాయి, చర్చిలో అందరికీ తెలిసిన ఆవిడ, ఇలాంటివాళ్లు అభ్యర్థులయ్యారు.

వాళ్లు చందాలని లెక్కపెట్టేవాళ్లు కాదు, 'ఓట్లు' అనేవాళ్లు. ప్రతి చందాకు ఇన్ని ఓట్లు. కొత్త చందాకు ఎక్కువ, పాత చందా పొడిగిస్తే తక్కువ. ఒకేసారి ఎక్కువ ఏళ్లకు కడితే ఇంకా ఎక్కువ. పోటీ మొదట్లో తెచ్చినదానికి ఎక్కువ ఓట్లు, వారాలు గడిచేకొద్దీ తగ్గించేవాళ్లు. పేపర్లోనే కూపన్ అచ్చువేసేవాళ్లు, కత్తిరించి పంపితే దానికీ కొన్ని ఓట్లు. బహుమతులు పియానో, వజ్రపుటుంగరం, మోటారు కారు. 1904లో సెయింట్ లూయిస్‌లో, 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రపంచ ప్రదర్శనలు జరిగినప్పుడు అక్కడికి ప్రయాణమే బహుమతి. దేశమంతటా ఆడవాళ్లకు ఓటుహక్కు రాజ్యాంగంలోకి వచ్చింది 1920లో. అంతకుముందే పేపర్ల నిండా ఆడవాళ్ల పేర్లు, పక్కన లక్షల ఓట్లు. ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. తమ పేరు అచ్చులో చూసుకోవడం ఆ రోజుల్లో ఎంతమంది ఆడవాళ్లకు దక్కి ఉంటుంది? ఆ ఆశే వాళ్లను నడిపించింది.

ఆ రూల్స్‌లో రెండు సంగతులు మీకు పనికొస్తాయి. చివరి రోజుల్లో అంకెలు చెప్పడం ఆపేసి, ఓట్ల పెట్టెకు సీలువేసి బ్యాంకులో పెట్టేవాళ్లు. ఎవరికెన్ని ఓట్లో ఎవరికీ తెలియదు. మోసం జరగకుండా అని చెప్పేవాళ్లు. నిజమే, కానీ అవతలివాళ్లు ఎంత వేశారో తెలియని చీకట్లో అభ్యర్థుల కుటుంబాలు ఇంకా ఎక్కువ డబ్బు కుమ్మరించేవి. మీ పోటీలో చివరి వారం అంకెలు దాచిపెడతామంటే, మీరు ముందే అనుకున్న సంఖ్య దగ్గర ఆగిపోండి. రెండోది, చాలాచోట్ల పోటీ నడిపింది ఆ ఊరి పత్రిక కాదు. ఊరూరా తిరిగి పోటీలు నిర్వహించే మేనేజర్లు వచ్చి, ఆరు వారాలు హడావుడి చేసి, తమ వాటా తీసుకుని ఇంకో ఊరికి వెళ్లిపోయేవాళ్లు. ఏడాది తర్వాత చందా పొడిగించని ఇళ్లు, మాట పడ్డ అమ్మాయి ఊళ్లోనే మిగిలిపోయేవాళ్లు. అందుకని మీరు కూడా అడగండి: ఈ పోటీ పేపర్ సర్క్యులేషన్ విభాగం నడుపుతోందా, బయటి మార్కెటింగ్ సంస్థకు ఇచ్చారా? బయటివాళ్లయితే రసీదు ఎవరి పేరున ఉంటుంది?

అదే దేశంలో ఇంకో పద్ధతి కూడా ఉండేది, నాకు చాలా ఇష్టమైన సంగతి. ఫిలడెల్ఫియా నుంచి వచ్చే ఒక పెద్ద ఆడవాళ్ల పత్రిక, లేడీస్ హోమ్ జర్నల్, ఎడ్వర్డ్ బాక్ సంపాదకుడిగా ఉన్న కాలంలో ఆడపిల్లలకు ఒక మాట ఇచ్చింది. ఇన్ని చందాలు తెస్తే మీ కాలేజీ చదువు, సంగీతం చదువు ఖర్చు మేం పెట్టుకుంటాం అని. ఎవరు ఎక్కువ తెచ్చారన్న పోలిక లేదు. ఆ సంఖ్య చేరిన ప్రతి అమ్మాయికీ చదువు. పక్కమ్మాయి ఓడితేనే నేను గెలుస్తాను అన్న మాటే లేదు. నా మటుకు నేను ఎప్పుడూ ఇదే అడుగుతాను: మొదటి స్థానానికి స్కూటీ బదులు, 40 చందాలు తెచ్చినవాళ్లందరికీ ఒక నిర్ణీత మొత్తం ఇవ్వండి అని. మీరు పది మంది కలిసి వెళ్లి ఆఫీసులో ఇదే అడగండి. ఒప్పుకోకపోయినా కమిషన్ పన్నెండో పదిహేనో శాతానికి పెంచే అవకాశం ఉంది. గడువు ఇంకా మొదలవలేదన్నారు కాబట్టి ఇప్పుడే అడగాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, దీని గురించి మీ ప్రశ్నలో ఒక్క మాట కూడా లేదు. పేపర్ ఎవరు వేస్తారు?

నా 143 చందాల్లో ఐతానగర్ వైపు 31 ఇళ్లు. రెండు వారాలు బాగానే వచ్చింది. తర్వాత అటువైపు పేపర్ వేసే కుర్రాడు మానేశాడు. ఏజెంటును అడిగితే ఆయన చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: "అమ్మా, నెలనెలా బిల్లు నాకు కట్టే ఇళ్లకు ముందు వేస్తాను. మీ ఇళ్ల డబ్బు ఆఫీసు తీసేసుకుంది, నాకు వేసినందుకు ఇవ్వాల్సింది ఇంకా ఇవ్వలేదు." ఆయన మాటలో న్యాయం ఉంది. ఏడాది చందా ముందే ఆఫీసుకు పోతే, రోజూ తెల్లవారుజామున లేచి వేసేవాడికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? ఇది సరిగ్గా నడిపే పేపర్లు కూపన్లు ఇస్తాయి. చందాదారుకు పన్నెండు కూపన్ల పుస్తకం. ప్రతి నెలా పేపర్ కుర్రాడికి ఒక కూపన్ ఇస్తే, ఏజెంటు దాన్ని ఆఫీసులో ఇచ్చి తన బిల్లులో తగ్గించుకుంటాడు. పేపర్ రాని నెల కూపన్ ఇవ్వరు, అంతే. చందాదారు చేతిలో ఆ చిన్న కాగితం ఉంటే పేపర్ గుమ్మంలో పడుతుంది.

మా పోటీలో కూపన్లు లేవు. ఐతానగర్ ఇళ్లవాళ్లు ఆఫీసుకు వెళ్లలేదు, మా గుమ్మంలోకి వచ్చారు. "మీ మొహం చూసి కట్టామమ్మా" అన్నారు. ఒకావిడ పెన్షన్ డబ్బులోంచి కట్టింది. ఆవిడ రెండుసార్లు వచ్చి ఏమీ అనకుండా కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. మూడోసారి రాకముందే నేను సైకిలు తీశాను. తెల్లవారుజామున నాలుగుంబావుకు బస్టాండు దగ్గర కట్టలు దిగేవి. అక్కడే గట్టు మీద కూర్చుని మెయిన్ పేపర్ మడతలో జిల్లా పేపర్ పెట్టడం, నాలుగు మడతలు వేసి డాబా మీదకు విసరడం నేర్చుకున్నాను. చేతులకంటిన సిరా ఇంటికొచ్చి కిరసనాయిలుతో కడుక్కుంటే తప్ప పోయేది కాదు. ఎనిమిది నెలలకు ఆ పేపర్ మూతపడింది. మిగతా నాలుగు నెలల డబ్బు గట్టిగా అడిగిన ఆరు ఇళ్లకు నేనే ఇచ్చాను, ఇంటికి 165 చొప్పున. ఆ పెన్షన్ ఆవిడ అడగలేదు, ఆవిడకు ముందు ఇచ్చాను.

బస్టాండులో రోజూ నన్ను చూస్తున్న ఇంకో పేపర్ సర్క్యులేషన్ ఆయనే ఒక రోజు పిలిచి 60 కాపీలతో సబ్ ఏజెన్సీ ఇచ్చాడు. ఆ పోటీలో నాకు దక్కినది అదే. మిక్సీ రెండేళ్లకు పాడైంది.

అందుకని మీరు రసీదు పుస్తకం తీసుకోకముందే మీ వార్డు ఏజెంటు ఎవరో కనుక్కుని ఆయన్ను కలవండి. "ఈ స్కీమ్ కాపీలు మీరే వేస్తున్నారా? మీకు వేసినందుకు ఇస్తామన్నారా?" అని అడగండి. ఆయన మొహం చూస్తే మీకు సగం తెలిసిపోతుంది. ఏ వీధికి పేపర్ రాదని ఆయన చెబుతాడో ఆ వీధిలో ఒక్క చందా కూడా రాయొద్దు, అక్కడ మీకు మేనత్త ఉన్నా సరే.

పేపర్ రిజిస్టరయిందో లేదో చూడండి. ప్రతి సంచికలో అడుగున ప్రింటర్, పబ్లిషర్, ఎడిటర్ పేర్లు, అచ్చయ్యే చోటు ఉంటాయి. 1867 నాటి పాత చట్టం పోయి కొత్త పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది, ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర నమోదై ఉండాలి. ఏబీసీ (ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్) సర్టిఫికెట్ ఉందా అని కూడా అడగొచ్చు. 1948 నుంచి ఉన్న సంస్థ అది, ఆరేసి నెలలకు ఒకసారి నిజంగా డబ్బు కట్టి కొన్న కాపీలు లెక్కగడుతుంది. అయితే అందులో చేరడం తప్పనిసరి కాదు, చిన్న పేపర్లు చాలావరకు చేరవు. లేదంటే మోసమని అనుకోకండి.

డబ్బు మాత్రం మీ ఖాతాలోకి రానివ్వొద్దు. చందాదారుల ముందే పేపర్ వాళ్ల క్యూఆర్ కోడ్‌కు కట్టించండి. కొంతమంది పెద్దవాళ్లు నోట్లే ఇస్తారు, అది అదే రోజు ఆఫీసులో జమచేసి సంతకం తీసుకోండి. రసీదు మీద వరుస నంబరు, చందా మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రాయాలి. కౌంటర్‌ఫాయిల్ మీ దగ్గర ఉండాలి. ఒక పాత నోట్‌బుక్‌లో ఇంటి పేరు, వీధి, రసీదు నంబరు రాసుకోండి. రేపు "మీకు 58 కాదు, 51" అంటే చూపించడానికి అదే ఆధారం.

రూల్స్ కాగితంలో "యాజమాన్యానిదే తుది నిర్ణయం" అని ఉందని భయపడ్డారు. అలా రాసినంత మాత్రాన ఏదైనా చేయొచ్చని కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బహుమతుల పథకం ముగిశాక ఫలితాలు పాల్గొన్నవారికి తెలియనివ్వకుండా దాచడం అనుచిత వ్యాపార పద్ధతి. పథకాన్ని ఏ పేపర్లో ప్రకటించారో ఆ పేపర్లోనే, తగిన సమయంలో, కనిపించేలా ఫలితాలు వేస్తే తెలియజేసినట్టు లెక్క. ప్రతి అభ్యర్థికి ఎన్ని చందాలో అంకెలతో సహా వేస్తారా అని ఇప్పుడే అడగండి. చందా కట్టి పేపర్ రానివాళ్లు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు, ఆ నంబరు రసీదు వెనక రాసి ఇవ్వండి. మీ మీద నమ్మకం పెరుగుతుందే కానీ తగ్గదు.

ఇంకో జాగ్రత్త. "మీ కింద ఐదుగురిని చేర్చండి, వాళ్లు తెచ్చినదాంట్లో మీకు వాటా" అనే మాట వస్తే అక్కడితో వెనక్కి వచ్చేయండి. మనుషులను చేర్చుకుంటూ పోతే డబ్బు వచ్చే పథకాలను 1978లోనే చట్టం నిషేధించింది. అందులో చేరినవాళ్ల మీద కూడా కేసు పడుతుంది.

పన్ను సంగతి ఎవరూ ముందు చెప్పరు. చందాలు అమ్మినందుకు ఇచ్చే బహుమతి విలువ ఏడాదిలో 20,000 దాటితే, 2022 జులై నుంచి ఇచ్చేవాళ్లు పది శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, చూసుకోవాలి. అదే లక్కీ డ్రా తీసి ఇస్తే 30 శాతం. వస్తువు రూపంలో ఇస్తే ఆ పన్ను డబ్బు మిమ్మల్నే తెచ్చి కట్టమనవచ్చు. 90,000 స్కూటీకి పది శాతమంటే 9,000, దానికితోడు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు ఎవరివి? కాగితం మీద రాసివ్వమనండి. పాన్ కార్డు లేకపోతే ఇప్పుడే తీసుకోండి.

మీ డ్వాక్రా గ్రూపు గురించి కొంచెం నిష్ఠూరంగా చెబుతాను, మరోలా అనుకోకండి. మీరు గ్రూపు లీడరు. వాయిదాలు కట్టే రోజు అందరూ కూర్చున్నప్పుడు మీరు రసీదు పుస్తకం తీస్తే ఎవరూ కాదనరు. కాదనలేరు. లోన్ ఫారం మీద మీ సంతకం కావాలి కదా. 1,800 అంటే కొంతమందికి వారం కూలి. చదువురాని ఇంటికి పేపర్ అమ్మడం కూడా సరికాదు. గ్రూపు మీటింగులో ఆ మాటే ఎత్తొద్దు. ఎవరికైనా నిజంగా కావాలంటే వాళ్లే వచ్చి అడుగుతారు. మీ మీద పోటీ సంస్థ కన్ను పడింది మీకున్న ఆ పలుకుబడి వల్లే. అది ఏళ్ల తరబడి మీరు నమ్మకంగా లెక్కలు రాసి సంపాదించుకున్నది. పది శాతానికి ఇచ్చేయకండి.

మరి ఎవరికి అమ్మాలి? రిటైరైన టీచర్లు, వాళ్లు ఫోన్లో చదవలేరు. సెలూన్లు, టిఫిన్ సెంటర్లు, డాక్టర్ల వెయిటింగ్ హాళ్లు, మెకానిక్ షెడ్లు: ఒక పేపర్ ఇరవై మంది చదువుతారు, కాబట్టి యజమానికి 1,800 బరువనిపించదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలున్న ఇళ్లు. ఇంటికి వెళ్లేది పదకొండు తర్వాత, వంట గొడవ అయ్యాక. చేతిలో ఆ రోజు పేపర్ ఉండాలి, మీరు దాన్ని పూర్తిగా చదివి ఉండాలి. "నాకు స్కూటీ వస్తుందండీ, ఒక చందా కట్టండి" అని ఎప్పుడూ అడగొద్దు. అలా కట్టినవాళ్లు వచ్చే ఏడాది కట్టరు. మీ వార్డు కరెంటు కోతల వార్త ఏ పేజీలో వచ్చిందో తెరిచి చూపించండి. అలాంటి వార్తలే లేని పేపరైతే, చెల్లెమ్మా, అసలు అమ్మకండి. ఎండలో ఒక్కరే తిరగకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, చీకటిపడ్డాక కొత్త ఇళ్లకు వెళ్లొద్దు.

మీవారితో పరువు గురించి వాదించకండి. పైన రాసిన లెక్క కాగితం మీద వేసి చూపించండి. మావారు కూడా మొదట్లో ఇదే అన్నారు. నేను సైకిలు మీద ఐతానగర్ వెళ్లిన రెండో వారం, వర్షం పడుతున్న రోజు, ఆయనే లేచి పాలిథిన్ కవరు కత్తిరించి కట్టల మీద కప్పారు. అప్పటినుంచి ఇప్పటిదాకా సర్దే పని ఆయనది, వేసే పని కుర్రాళ్లది, వసూళ్లు నావి.

రిజిస్ట్రేషన్ 500 ఇప్పుడే కట్టకండి. రేపు ఏజెంటును కలిసి, ఆఫీసులో కూపన్ల సంగతి, ఫలితాల సంగతి, పన్ను సంగతి అడిగి రండి. రూల్స్ కాగితం రెండువైపులా ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, ఫోన్ నంబర్లు కనిపించకుండా. మధ్యాహ్నం రెండు దాటాక నేను ఖాళీగానే ఉంటాను, చదివి ఏది ఎలా ఉందో చెబుతాను.